ఫిల్లర్ తీసెయ్యాలి, ఎండింగ్ మార్చాలి: యానిమేషన్ ఫ్యాన్స్ అడిగే మార్పుల వెనకున్న అసలు లెక్కలు

క్లుప్తంగా

ఇష్టమైన యానిమేషన్ షోలో ఏం మారుస్తావ్ అని ఎవర్ని అడిగినా లిస్టు రెడీగా ఉంటుంది. ఫిల్లర్ ఎపిసోడ్లు తీసెయ్యాలి, సాగదీత ఆపాలి, ఎండింగ్ మళ్లీ రాయాలి, హీరో ఒక్కసారైనా గెలవాలి. పైకి ఇవన్నీ రైటర్ల తప్పుల్లాగే కనిపిస్తాయి గానీ చాలావరకు టీవీ స్లాటు, బొమ్మల అమ్మకాలు, ఎన్ని ఎపిసోడ్లు తియ్యమన్నారనే ఆర్డరు లాంటి లెక్కల్లోంచి పుట్టినవే. అందుకే లెక్క మారినప్పుడల్లా కంప్లైంటూ మారుతోంది, ఒకప్పుడు మరీ ఎక్కువైంది అన్నవాళ్లే ఇప్పుడు మరీ తక్కువైంది అంటున్నారు.

ఫిల్లర్ ఎందుకొచ్చింది

ఫ్యాన్స్ తిట్టేవాటిల్లో ఫిల్లర్‌కి ఫస్ట్ ప్లేసు ఎప్పుడూ ఖాయమే. మూల కథలో లేకుండా టీవీ వాళ్లు మధ్యలో కలిపే ఎపిసోడ్లని ఫిల్లర్ అంటారు. దీనికి జపాన్ యానిమే, అంటే అక్కడి యానిమేషన్ షో, నరుటోని మించిన ఉదాహరణ లేదు.

నరుటో మాంగా, అంటే మూలమైన బొమ్మల కథ, 1999లో వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో మొదలైంది. టీవీ సీరీస్ వచ్చింది 2002 అక్టోబర్‌లో. అంటే స్టూడియో చేతిలో అప్పటికే మూడేళ్ల కథ స్టాకుంది, చాలదా అనిపిస్తుంది. చాలదు. మాంగాలో వారానికి ఒక చాప్టర్ వస్తుంది, అది ఇరవై పేజీల లోపే, పైగా పత్రిక సెలవులు రచయిత సెలవులు పోగా ఏడాదికి యాభై కూడా తేలవు. యానిమే కూడా వారానికి ఒక ఎపిసోడే కదా అనుకోవచ్చు, కానీ ఇరవై రెండు నిమిషాలు నింపాలంటే ఒక్క చాప్టర్ సరిపోదు, మామూలు స్పీడులో వెళ్తే ఎపిసోడుకి రెండు చాప్టర్ల దాకా అయిపోతాయి. కథ పుట్టే స్పీడుకి దాదాపు రెట్టింపు స్పీడులో వాడేస్తుంటే మూడేళ్ల స్టాకు ఎన్నాళ్లు ఆగుతుంది?

సరిగ్గా అదే జరిగింది. 135వ ఎపిసోడ్ దగ్గరికొచ్చేసరికి, అంటే 2005లో, మాంగా మొదటి భాగం మొత్తం అయిపోయింది. రెండో భాగం మాంగాలో అప్పుడప్పుడే మొదలవుతోంది. ఇక అక్కణ్ణుంచి 2007 ఫిబ్రవరిలో 220వ ఎపిసోడ్‌తో ఆ సీరీస్ ముగిసేదాకా, దాదాపు ఏడాదిన్నరకి పైగా, వచ్చినవన్నీ ఇంచుమించు ఫిల్లరే. నరుటో స్నేహితుడు సాసుకే ఊరొదిలి వెళ్లిపోయాడు, నరుటో ఎలాగైనా తీసుకొస్తానని మాటిచ్చాడు, ఇంత వేడి మీదున్న కథని అక్కడ ఆపేసి వారంవారం నరుటోని ఎవరికీ తెలియని ఊళ్లకి చిన్న చిన్న మిషన్ల మీద పంపిస్తూ కూర్చున్నారు. చూసేవాళ్లకి కాలకుండా ఎలా ఉంటుంది.

మరి ఆపెయ్యొచ్చు కదా, కథ వచ్చాకే మళ్లీ మొదలుపెట్టొచ్చు కదా అనేది న్యాయమైన ప్రశ్నే. ఇక్కడే డబ్బుల సంగతి వస్తుంది. జపాన్‌లో ఇలాంటి షోలకి పెట్టుబడి మామూలుగా ఒక్క కంపెనీది కాదు, పత్రిక పబ్లిషరు, టీవీ ఛానల్, మ్యూజిక్ కంపెనీ, బొమ్మలు గేములు చేసేవాళ్లు అందరూ కలిసి కమిటీగా ఏర్పడి డబ్బు పెడతారు, స్టూడియో చాలాసార్లు వాళ్ల దగ్గర పని తీసుకుని చేసిపెట్టేదే. వీళ్లలో ఎవరికీ షో ఆగడం ఇష్టముండదు. వారంవారం టీవీలో కనిపిస్తేనే పుస్తకాలు కదుల్తాయి, బొమ్మలు అమ్ముడుపోతాయి, పాటల సీడీలు పోతాయి. ఒకసారి స్లాటు వదులుకుంటే మళ్లీ అదే టైము దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి కథ ఉన్నా లేకపోయినా ఆ టైముకి నరుటో మొహం తెర మీద ఉండాల్సిందే. అలా చూస్తే ఫిల్లర్ అనేది స్లాటుకి కట్టే అద్దె.

తర్వాత వచ్చిన నరుటో షిప్పుడెన్ 2007 నుంచి 2017 దాకా 500 ఎపిసోడ్లు నడిచింది, మాంగా 2014లోనే 700 చాప్టర్లతో ముగిసింది. అంటే మూల కథ పూర్తయ్యాక కూడా టీవీలో రెండేళ్లకి పైగా నడిపారు, చివరి యుద్ధం మధ్యలో కూడా ఫ్లాష్‌బ్యాకులు దూర్చారు. బ్లీచ్ అనే ఇంకో యానిమేది ఇంకో రకం బాధ. అక్కడ ఫిల్లర్ ఆర్కులే, అంటే పెద్ద కథలో విడి ఘట్టాలే, మధ్యలో నలభైకి పైగా ఎపిసోడ్ల పొడవున వచ్చిపడ్డాయి, చివరికి 2012లో 366 ఎపిసోడ్ల దగ్గర ఆపేశారు, అసలైన ఆఖరి యుద్ధం తెర మీదకి రావడానికి 2022 దాకా పదేళ్లు పట్టింది.

సాగదీత లెక్క

ఫిల్లర్ వద్దనుకుంటే ఉన్న ఇంకో దారి ఉన్న కథనే సాగదీయడం. 1999లో మొదలైన వన్ పీస్ ఎంచుకున్నది ఇదే. దీని తీవ్రత అంకెల్లో బాగా కనిపిస్తుంది. మొదట్లో మాంగా తొలి వంద చాప్టర్ల కథని అరవై ఎపిసోడ్లలోపే చూపించేశారు. అదే డ్రెస్‌రోజా ఆర్కుకి వచ్చేసరికి 102 చాప్టర్ల కథకి 118 ఎపిసోడ్లు పట్టాయి. ఎపిసోడుకి ఒక్క చాప్టర్ కూడా పడట్లేదన్నమాట. ఇందులో రెండున్నర నిమిషాలు ఓపెనింగ్ సాంగు, ఆ తర్వాత పోయిన వారం ఏం జరిగిందో మళ్లీ, ఆపైన ఒకరు గుద్దితే చుట్టూ ఉన్న పదిమంది మొహాలు ఒక్కొక్కటిగా. మన డైలీ సీరియల్లో ఒక్క మాట అనగానే ఇంట్లో అందరి మొహాల మీదకీ కెమెరా మూడేసిసార్లు తిరుగుతుంది కదా, కారణం కూడా అచ్చం అదే, రోజుకి ఇంత టైము నింపాలి, చేతిలో కథ అంత లేదు.

డ్రాగన్ బాల్ జీలో నమెక్ గ్రహం ఐదు నిమిషాల్లో పేలిపోతుందని విలన్ ఫ్రీజా చెప్పాక అది పేలడానికి దాదాపు పది ఎపిసోడ్లు పట్టిన సంగతి ఇప్పటికీ జోకులాగే నడుస్తోంది. అక్కడా సమస్య ఒకటే, మాంగా వెనకాలే టీవీ పరుగెత్తుకొస్తోంది, ఎక్కడో బ్రేకు వెయ్యాలి.

ఈ సాగదీత ఎంత విసుగు తెప్పించిందంటే ఫ్యాన్సే కూర్చుని ఎపిసోడ్లని కత్తిరించి మాంగా స్పీడుకి తెచ్చుకున్నారు, వన్ పేస్ అనే ఆ ఎడిట్ ఏళ్లుగా నడుస్తోంది. కాపీరైట్ పరంగా అది సరైన దారి కాదు, కానీ జనానికి ఏం కావాలో దానికన్నా స్పష్టంగా చెప్పే సర్వే ఉండదు. చివరికి స్టూడియో కూడా అదే దారికొచ్చింది. 2024 అక్టోబర్‌లో కొత్త ఎపిసోడ్లు ఆపి, ఫిష్‌మ్యాన్ ఐలాండ్ కథని, ఒకప్పుడు యాభైకి పైగా ఎపిసోడ్లు నడిచినదాన్ని, 21 ఎపిసోడ్లకి కుదించి మళ్లీ టీవీలో వేశారు.

సీజన్లు వచ్చాక తిరగబడిన కంప్లైంటు

ఏడాది పొడవునా నడిపే పద్ధతి తగ్గి, పన్నెండు పదమూడు లేదా ఇరవై నాలుగైదు ఎపిసోడ్ల సీజన్లుగా తియ్యడం పెరిగాక ఫిల్లర్ దాదాపు పోయింది. డీమన్ స్లేయర్ 2019లో 26 ఎపిసోడ్ల సీజన్‌గా వచ్చినప్పుడు దాని యానిమేషన్ క్వాలిటీ చూసి ఇదే కదా మేం అడిగింది అన్నారు. నిజమే, స్లాటు ఒత్తిడి లేదు కాబట్టి కథ దొరికేదాకా ఆగొచ్చు, ఒక్కో ఎపిసోడ్ మీద ఎక్కువ టైము పెట్టొచ్చు.

కానీ దానికీ ఒక ధర ఉంది, ఆ ధర ఎదురుచూపు. అటాక్ ఆన్ టైటాన్ మొదటి సీజన్ 2013లో వస్తే రెండోది 2017లో, అదీ 12 ఎపిసోడ్లే. ఫైనల్ సీజన్ అని పేరుపెట్టి 2020 డిసెంబర్‌లో మొదలెట్టినది 2023 నవంబర్‌లో గానీ పూర్తి కాలేదు. ఆ ఫైనల్ సీజన్‌కి ముందు స్టూడియో కూడా మారింది. స్టూడియో మార్పు అనగానే వన్ పంచ్ మ్యాన్ గుర్తొస్తుంది, 2015లో మ్యాడ్‌హౌస్ తీసిన మొదటి సీజన్‌కీ 2019లో వేరే స్టూడియో తీసిన రెండోదానికీ మధ్య తేడా చూసి ఫ్యాన్స్ ఇప్పటికీ కోరే మొదటి మార్పు పాత టీమును తిరిగి తెమ్మనే. కమిటీ పద్ధతిలో షో ఏ స్టూడియోదీ కాదు కాబట్టి, ఆ టైముకి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి వెళ్తుంది.

ఇక అన్నిటికన్నా దారుణమైన కేసు ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్. మొదటి సీజన్ 12 ఎపిసోడ్లలో 37 చాప్టర్ల కథ చెప్పింది, చక్కగా కుదిరింది. మాంగాలో మొత్తం 181 చాప్టర్లు. మిగిలిన నూట నలభై చిల్లర చాప్టర్లనీ 2021లో వచ్చిన రెండో సీజన్ 11 ఎపిసోడ్లలో ముగించేశారు, ఎంతోమందికి నచ్చిన గోల్డీ పాండ్ ఆర్కు మొత్తానికే లేదు. నరుటో ఫ్యాన్ తీసెయ్యమని అడుగుతుంటే ఈ షో ఫ్యాన్ కలపమని అడుగుతాడు, ఇద్దరి కోపం ఒక్కచోటే తగులుతుంది, కథకి ఎంత చోటు కావాలో అంత చోటు ఇవ్వలేదని.

యాష్ ఎందుకు ఓడిపోతూ వచ్చాడు

పోకెమాన్ విషయంలో ఫ్యాన్స్ మార్చాలనుకున్నది ఎప్పుడూ ఒకటే, యాష్ గెలవాలి. 1997లో మొదలైన షోలో ఆ పదేళ్ల కుర్రాడు ప్రాంతం తర్వాత ప్రాంతం తిరుగుతాడు, బ్యాడ్జీలన్నీ సంపాదిస్తాడు, చివరికి లీగులో ఓడిపోతాడు, ఉన్న పోకెమాన్లని ప్రొఫెసర్ ఓక్ దగ్గర వదిలేసి ఒక్క పికాచుతో మళ్లీ మొదలెడతాడు. 2016లో కాలోస్ లీగు ఫైనల్లో ఈసారి ఖాయం అనుకున్నాక కూడా అలెయిన్ చేతిలో ఓడిపోతే ఫ్యాన్స్ మామూలుగా రగిలిపోలేదు.

ఆ టైమింగు చూస్తే విషయం అర్థమవుతుంది. ఫైనల్ ఆగస్టులో వచ్చింది, కొత్త గేములు సన్ అండ్ మూన్ అదే ఏడాది నవంబర్‌లో వచ్చాయి, వాటితోపాటే కొత్త సీరీస్. కొత్త గేము అమ్మాలంటే కొత్త ప్రాంతం, కొత్త పోకెమాన్లు చూపించాలి, వాటిని కొత్తగా చూసే కళ్లు కావాలి. ఛాంపియన్ అయిపోయినవాడు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతుంటే నమ్మడం కష్టం. ఓడిపోయినవాడైతే ఎన్నిసార్లైనా మొదలెట్టొచ్చు. యాష్ ఆటలో తక్కువవాడేం కాదు, గేములు వచ్చే క్యాలెండరులో అతని గెలుపుకి చోటు లేదంతే.

2019లో అలోలా లీగు గెలిపించారు, 2022 నవంబర్‌లో వరల్డ్ ఛాంపియన్‌ని చేశారు. ఆ వెంటనే ఏం జరిగిందో గమనించాలి. 2023 ఏప్రిల్ నుంచి షోలో యాష్ లేడు, లికో, రాయ్ అనే కొత్త పిల్లలొచ్చారు. ఫ్యాన్స్ అడిగిన మార్పు ఇచ్చారు, దాంతోపాటే ఆ క్యారెక్టరుకి సెలవు కూడా ఇచ్చారు.

చుట్కీకి న్యాయం, హైదరాబాద్‌లో

ఇదంతా జపాన్ గొడవేలే అనుకోడానికి లేదు. ఛోటా భీమ్ తీసే గ్రీన్ గోల్డ్ యానిమేషన్ హైదరాబాద్ కంపెనీ, రాజీవ్ చిలక పెట్టింది, షో 2008లో పోగో ఛానల్లో మొదలైంది. 2020లో, లాక్‌డౌన్ రోజుల్లో, పెద్దవాడైన భీమ్ స్నేహితురాలు చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడని ఒక ప్రచారం మొదలై చుట్కీకి న్యాయం కావాలంటూ ట్విట్టర్‌లో ట్రెండ్ అయ్యింది. చిన్నప్పట్నుంచీ లడ్డూలు పెట్టింది ఎవరు, కష్టంలో తోడున్నది ఎవరు అని ఇరవై పాతికేళ్లవాళ్లు సీరియస్‌గా వాదించుకున్నారు. చివరికి కంపెనీ ప్రకటన ఇవ్వాల్సొచ్చింది, భీమ్, చుట్కీ, ఇందుమతి ఇంకా పిల్లలే, పెళ్లి వార్త అబద్ధం అని.

నవ్వొచ్చే విషయమే గానీ దీంట్లో పెద్ద సంగతుంది. చూసినవాళ్లు పెరిగారు, క్యారెక్టర్లు పెరగలేదు. తమతోపాటు వాళ్లూ పెరగాలన్నది ఫ్యాన్స్ కోరిక. కానీ పిల్లల ఛానల్ లెక్కలో ప్రేక్షకుడు పెరగడు, మారతాడు అంతే. ఇవాళ ఆరేళ్లున్న పిల్లాడు నాలుగేళ్లకి వెళ్లిపోతాడు, ఆ చోటులోకి కొత్త ఆరేళ్లవాడు వస్తాడు, వాడికి భీమ్ కొత్తే. భీమ్ ఊరు ఢోలక్‌పూర్‌లో ఏ ఎపిసోడ్ ముందు వేసినా ఏది తర్వాత వేసినా ఇబ్బంది లేకుండా ఉండాలంటే ఎవరూ పెరక్కూడదు, ఏదీ మారకూడదు. స్కూలు బ్యాగు మీద, టిఫిన్ బాక్సు మీద ఉండాల్సిన బొమ్మ కూడా అదే వయసులో ఉండాలి మరి. పెద్దవాళ్లు వయసు పెంచమంటుంటే వ్యాపారం వయసు తగ్గించింది, 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి చేసిన మైటీ లిటిల్ భీమ్‌లో భీమ్ పాకే పసివాడు, పైగా మాటల్లేవు, కాబట్టి ఏ దేశంలోనైనా డబ్బింగ్ లేకుండా నడుస్తుంది.

డొరెమాన్‌కీ ఇదే పరిస్థితి. రచయిత ఫుజికో ఎఫ్ ఫుజియో 1996లో చనిపోయారు, మొత్తం కథకి ఇదే ఆఖరిదనే ముగింపంటూ రాసిపెట్టలేదు. ఆ ఖాళీలోకి నోబితా కోమాలో ఉన్నాడు, అదంతా కల అనే పుకారు వచ్చి చేరింది, మన దగ్గర స్కూలు పిల్లలు కూడా ఒకరికొకరు చెప్పుకున్నారు దాన్ని. జపాన్‌లో ఒక అభిమాని తనే ఒక ముగింపు గీసి పుస్తకంగా అమ్మితే అది బాగా పోయింది, అంత బాగా పోవడంతోనే పబ్లిషరు రంగంలోకి దిగి ఆపించాడు.

అమెరికాలో గొడవ వేరు

అక్కడ ఫిల్లర్ కన్నా ఛానల్ ఎన్ని ఎపిసోడ్లు తియ్యమంటుందనే ఆర్డరు పెద్ద సమస్య. లెజెండ్ ఆఫ్ కొర్రాని మొదట 12 ఎపిసోడ్ల చిన్న సీరీస్‌గానే అనుకున్నారు, అందుకే మొదటి సీజన్ చివర్లో హీరోయిన్ కొర్రా పోగొట్టుకున్న శక్తులన్నీ హడావిడిగా తిరిగొచ్చేసి అన్నీ సర్దుకుపోతాయి, ఆ ముగింపు మార్చాలని ఫ్యాన్స్ ఇప్పటికీ అంటారు. తర్వాత ఆర్డరు పెరిగి మొత్తం నాలుగు సీజన్లు, 52 ఎపిసోడ్లు అయ్యింది. చివరి సీజన్‌లో పాత సీన్లన్నీ అతికించిన ఒక ఎపిసోడ్ ఉంటుంది, అందరూ స్కిప్ చేసేది. దానికి కారణం ఛానల్ బడ్జెట్ కొయ్యడమే, టీములో కొందర్ని ముందే పంపెయ్యడమా ఇలాంటి ఎపిసోడ్‌తో సర్దుకోవడమా అంటే మేకర్లు రెండోది ఎంచుకున్నారు. ఇది తెలిశాక ఆ ఎపిసోడ్‌ని తిట్టడం కాస్త కష్టం.

యంగ్ జస్టిస్ 2013లో పెద్ద సస్పెన్స్ దగ్గర ఆగిపోయింది, దాని పెట్టుబడి బొమ్మల కంపెనీతో ముడిపడి ఉంది, బొమ్మలు అనుకున్నంత పోలేదు. ఫ్యాన్స్ ఒత్తిడితో 2019లో మళ్లీ మొదలైంది. ఔల్ హౌస్‌కి మూడో సీజన్ మామూలు సీజన్‌లా కాకుండా మూడంటే మూడు స్పెషల్స్‌గా కుదించారు, ఎండింగ్ పరుగెత్తిందనే మాట అక్కణ్ణుంచే.

డబ్బింగు, కత్తెర

తెలుగులో చూసేవాళ్ల లిస్టులో ఇంకో రెండు చేరతాయి. ఒకటి కత్తెర. షిన్‌చాన్ మూలం పెద్దవాళ్ల పత్రికలో 1990లో మొదలైన కథ, ఇక్కడ పిల్లల ఛానల్లో వేశారు, 2008లో కేంద్రం అడ్డుకుంది, తర్వాత కోతలతో తిరిగొచ్చింది. కోతలు కనపడకుండా మొత్తం చూపించాలి అనేవాళ్లు అసలు గొడవ ఎక్కడుందో వదిలేస్తున్నారు, షో ఏ వయసువాళ్లకని రాశారో ఆ వయసు స్లాటు మన దగ్గర టీవీలో లేదు.

రెండోది గొంతులు. సోలో లెవెలింగ్ లాంటివి ఓటీటీలో తెలుగు డబ్బింగుతో రావడం మొదలయ్యాక కోరికలు కూడా పెరిగాయి, మధ్య సీజన్ నుంచి కాకుండా మొదటి నుంచి డబ్ చెయ్యాలి, ఒక క్యారెక్టరుకి ఒకే గొంతు ఉంచాలి, పుస్తకం చదువుతున్నట్టు కాకుండా మనుషులు మాట్లాడుకున్నట్టు రాయాలి. వీటిల్లో చివరిది మాత్రం బడ్జెట్ లెక్క కాదు, రాసేవాళ్ల శ్రద్ధ లెక్క, కాబట్టి ఇప్పుడే మార్చొచ్చు.

మార్చి చూపిస్తే ఏమైంది

ఫ్యాన్స్ అడిగింది నిజంగా చేసి చూపించిన సందర్భాలున్నాయి, వాటి ఫలితాలు చూస్తే అడగడం ఎంత తేలికో కుదరడం ఎంత కష్టమో తెలుస్తుంది.

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ 2003లో టీవీకి వచ్చినప్పుడు మాంగా ఇంకా మొదట్లోనే ఉంది, అందుకని రచయిత్రి హిరోము అరకావా ఒప్పుకోలుతోనే 51 ఎపిసోడ్లలో సొంత కథ, సొంత ముగింపు అల్లారు. మాంగాలాగే తియ్యండి అని అడిగితే 2009లో బ్రదర్‌హుడ్ పేరుతో మొత్తం మళ్లీ తీశారు, 64 ఎపిసోడ్లు, మాంగా ముగిసిన కొద్దిరోజులకే అదీ ముగిసింది. యానిమే చరిత్రలో అంత బాగా కుదిరిన రీమేక్ అరుదు. అయినా దానికీ ఒక కంప్లైంట్ ఉంది. పాతదాంట్లో చూసేశారు కదా అని మొదట్లో కథని పరుగెత్తించారు, హ్యూస్ అనే క్యారెక్టర్ చావు పాత సీరీస్‌లో 25వ ఎపిసోడ్‌లో వస్తే కొత్తదాంట్లో పదో ఎపిసోడ్‌కే వచ్చేసింది. మనిషి అలవాటయ్యేలోపే పోతే ఏడుపు ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే మొదటి సగం పాతది, మిగతాది కొత్తది చూడమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత సీరీస్‌కి ఆ నెమ్మది ఎందుకొచ్చిందంటే, చేతిలో కథ తక్కువ ఉండటం వల్లే. ఫిల్లర్‌ని పుట్టించిన కారణమే ఇక్కడ మంచి చేసింది.

డ్రాగన్ బాల్ జీని 2009లో కాయ్ పేరుతో కుదించినప్పుడు కూడా ఇలాంటిదే జరిగింది. సెల్ అనే విలన్ కథ దాకా ఉన్న 194 ఎపిసోడ్లు దాదాపు సగానికి తగ్గాయి, కథ పరుగెడుతోంది, బాగుంది. కానీ హీరో గోకు, అతని తోటి ఫైటర్ పికొలో డ్రైవింగ్ లైసెన్స్ కోసం పడే పాట్ల ఎపిసోడ్ కూడా కోతలో పోయింది. పక్కా ఫిల్లర్ అది, కథకి పైసా ఉపయోగం లేదు, అయినా డ్రాగన్ బాల్‌లో ఇష్టమైన ఎపిసోడ్ ఏదంటే దాని పేరు చెప్పేవాళ్లు బోలెడంతమంది. ఫిల్లర్ లిస్టు చూసి మొత్తం స్కిప్ చేసేవాళ్లకి ఇలాంటివి తగిలే ఛాన్సే లేదు.

ఎండింగుల విషయంలో అటాక్ ఆన్ టైటాన్‌ది మధ్యేమార్గం. 2021లో మాంగా చివరి చాప్టర్ మీద పెద్ద గొడవైంది, ముఖ్యంగా హీరో ఎరెన్‌తో అతని స్నేహితుడు ఆర్మిన్ అన్న మాటల మీద, ఎరెన్ చేసిన ఊచకోతకి థాంక్స్ చెప్పినట్టుందని. 2023 యానిమేలో కథ మారలేదు, ఆ సంభాషణని మాత్రం రచయిత ఇసయామానే తిరగరాశారు, ఆర్మిన్ థాంక్స్ చెప్పకుండా పాపంలో వాటా తీసుకుంటాడు. ఎండింగే మార్చమన్నవాళ్లకి ఇది చాలలేదు, కానీ చాలామంది కోపం కథ మీద కన్నా ఆ రెండు మాటల మీదే ఉందని తేలింది.

ఇకముందు

వన్ పీస్ 2026 నుంచి ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 26 ఎపిసోడ్లేనని ప్రకటించారు, రెండు విడతలుగా. ఏడాది పొడవునా నడిచే పద్ధతికి మిగిలిన పెద్ద షోల్లో ఒకటి కూడా అందులోంచి బయటికొచ్చిందన్నమాట. ఎపిసోడుకి ఒక చాప్టర్ పడినా ఇప్పటిదాకా నడిచిన స్పీడు కన్నా నయమే, యానిమేటర్లకి ఊపిరి పీల్చుకునే టైము దొరుకుతుంది. ఎదురుచూపు మాత్రం తప్పదు, పాతికేళ్లుగా ఆదివారం ఆదివారం అలవాటైనవాళ్లకి సగం ఏడాది ఖాళీ.

మరోపక్క విట్ స్టూడియో నెట్‌ఫ్లిక్స్ కోసం వన్ పీస్‌ని మొదటి నుంచి మళ్లీ తీస్తోంది, 2023 డిసెంబర్‌లో ప్రకటించిన ప్రాజెక్టు. స్లాటు లేదు, మాంగా వెనకాల పరుగు లేదు, వెయ్యికి పైగా చాప్టర్లు చేతిలో ఉన్నాయి, అంటే ఫ్యాన్స్ అడిగిన మార్పులన్నీ చెయ్యడానికి అడ్డం ఏమీ లేదు. తొలి సీజన్‌లో ఏ సీన్‌కి ఎన్ని నిమిషాలు ఇస్తారన్నది ఇకమీద స్టూడియో సొంత నిర్ణయం, తిట్టినా మెచ్చుకున్నా ఈసారి టీవీ ఛానల్ మీదకి నెట్టడానికి ఉండదు.